అప్‌డేట్: ఏటికొప్పాకలో లక్క పని నేర్చుకుంటున్నాను

లక్క బొమ్మల పని నేర్చుకోవడానికి లేత్ (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) కొనుక్కుని వీడియోలు చూస్తూ నేర్చుకోవాలా, ఎవరైనా మేస్త్రి దగ్గర ఒక్కడినే కూర్చుని నేర్చుకోవాలా అని అడిగాను కదా. మేస్త్రి దగ్గరికే పొమ్మన్నవాళ్లందరికీ థాంక్స్. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో ఒక పెద్దాయన ఒప్పుకున్నారు, ఆదివారాలు వెళ్తున్నాను.

మొదట్లో ఉలి ముట్టనివ్వలేదు. ఈ బొమ్మలకి వాడే అంకుడు కర్ర ఆరిందో లేదో పట్టుకుని చూసి చెప్పమనేవారు. ఇప్పుడు బొంగరాలు, కుంకుమ భరిణెలు తీస్తున్నాను. భరిణెకి మూత బిగువుగా కూర్చోబెట్టడం మాత్రం ఇంకా చేతకాలేదు.

అసలు మజా లక్క దగ్గరే. తిరుగుతున్న కర్రకి రంగు కలిపిన లక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. నేను గట్టిగా అదిమితే గడ్డలు కడుతుంది. "అంత కోపమెందుకు బాబూ దానిమీద" అంటూ ఆయన నా మణికట్టు పట్టుకుని కాస్త వదులు చేస్తారు. అంతే, రంగు సాఫీగా పరుచుకుంటుంది. ఈ ముక్క ఏ వీడియోలో చూపిస్తారు చెప్పండి! తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలతో (ఎర్రటి నారింజ రంగునిచ్చేవి) రంగులు చేయడం ఇంకా మొదలుపెట్టలేదు.

ఫీజు అడిగినవాళ్లకి: రోజు కూలి లెక్కన ఇస్తున్నాను. నాకు నేర్పుతుంటే ఆయన పని ఆగుతుంది మరి. లేత్ ఇప్పట్లో కొనను.