సమస్యాపూరణం: బంతి లేనివాఁడె పందెమందె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య ఇది.

బంతి లేనివాఁడె పందెమందె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు), బం-పం యతి (అక్షరాల పొత్తు). ముందున్న మూడు పాదాలు మీవి. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో పేరున్న జట్ల ఆటతీరు పద్యంలో కనిపించాలి. బంతిపూలు, విందు బంతులు ఈసారికి వద్దు. కాలితో తన్నే బంతే కావాలి. ఆటగాళ్ల పేర్లు గణాల్లో ఒదగడానికి కొంచెం తెలుగు చేసుకోవచ్చు.

ప్రీమియర్ లీగ్ చూసేవాళ్ల మధ్య ఎన్నేళ్లయినా తెగని వాదు ఒకటుంది. బంతిని తన దగ్గరే ఉంచుకుని ఎదుటివాణ్ణి ఊపిరాడనివ్వని జట్టు గొప్పదా, బంతిని వాడికే వదిలేసి అదను చూసి దెబ్బ కొట్టే జట్టు గొప్పదా? శిక్షకుల పేర్లతో చెప్పాలంటే, గ్వార్డియోలా మాంచెస్టర్ సిటీ ఒక పక్క. రనియెరి లెస్టర్, మౌరిన్యో చెల్సీ ఇంకో పక్క. క్లాప్ లివర్‌పూల్ ఈ రెండింటిలో ఏ గాటికీ కట్టుబడదు. మీ పద్యాలు ఆ తగవు తీర్చనక్కరలేదు. తగవు అసలు ఎక్కడుందో చూపిస్తే చాలు.

ఏటిగట్టు:

2015-16 లెస్టర్ మీద నా పూరణ. కాంటే, మారెజ్, వార్డీ ఆ జట్టు ఆటగాళ్లు.

కాంటె బంతి నందె; కదలె మారెజు కాలు;
వార్డి పరుగు పెట్ట వలను దాఁకె;
చేతఁ బట్టి యుంచి చెదరె సిటీసేన;
బంతి లేనివాఁడె పందెమందె.

పాలపిట్ట:

మొదటి రెండు పాదాలు ఎదురుదాడిలాగే పరుగెత్తాయి. కాంటే నుంచి మారెజ్‌కు, అక్కడినుంచి వార్డీకి. మూడు పేర్లు, మూడు క్రియలు, వలలో బంతి. వర్ణన ఏదీ లేకపోవడమే ఇక్కడ అందం. అయితే మూడో పాదం దగ్గర ఆగిపోయాను. ఫుట్‌బాల్‌లో "చేతఁ బట్టి" అంటే ఫౌల్ కదండీ. గోల్ కీపర్‌కు తప్ప ఎవరికీ చెల్లదు.

నిర్వాహకుడు:

పాలపిట్ట గారి అభ్యంతరం న్యాయమైనదే. నాకు ఇంకొకటి కూడా ఉంది. సిటీ పేరు చెప్పగానే చదివేవాడికి 6 ఫిబ్రవరి 2016 గుర్తొస్తుంది. సిటీ సొంత మైదానం ఎతిహాద్‌లో లెస్టర్ 3-1తో గెలిచిన రోజు. కానీ ఆ రోజు వార్డీ గోల్ చేయలేదు. డిఫెండర్ రాబర్ట్ హుత్ రెండు కొట్టాడు, మారెజ్ ఒకటి. ఆ మారెజ్ గోల్ మాత్రం మీ మొదటి పాదానికి సాక్ష్యం. కాంటే అందించిన బంతిని తీసుకుని, సిటీ డిఫెండర్లు ఒటమెండినీ డెమికెలిస్‌నూ తప్పించి కొట్టాడు. కాబట్టి పద్యాన్ని ఆ ఒక్క రోజుకు కట్టకుండా ఆ సీజన్ మొత్తానికి వర్తించేలా మార్చుకుంటే మంచిది. మూడో పాదానికి నా సవరణ:

చెంత నిలిపి యుంచి చెదరెను బెనుజట్టు

చెం-చె యతి నిలిచింది. ఇప్పుడు చేతి గొడవ లేదు, తేదీ గొడవా లేదు.

ఆ సీజన్‌లో లెస్టర్ 38 మ్యాచ్‌లలో 23 గెలిచింది, మూడే ఓడింది. 81 పాయింట్లతో, రెండో స్థానంలో నిలిచిన ఆర్సెనల్ కంటే పది ఎక్కువగా, కప్పు ఎత్తుకుంది. బంతి మీద పట్టు సగటున సగం కన్నా తక్కువే. అంత తక్కువ పట్టుతో లీగ్ గెలవడం అరుదు. సమస్య పాదాన్ని అక్షరాలా నిజం చేసిన జట్టు ఇదే.

చలువరాయి:

ఒక్క మాట. లెస్టర్ వెనక్కి కూర్చుని ఎదురుచూసిన జట్టు అని చాలామంది అనుకుంటారు. కాంటే ఆట చూసినవారు అలా అనలేరు. ఎదుటి జట్టు పాస్ వేయబోయే దారిని అతను ముందే పసిగట్టి అక్కడ నిలబడేవాడు. "బంతి నందె" అనే ఏటిగట్టు గారి మాటలో ఆ చురుకు తగినంతగా లేదు. "అందుకోవడం" వేరు, "లాక్కోవడం" వేరు.

ఏటిగట్టు:

నిర్వాహకుల సవరణ తీసుకుంటున్నాను. "అందె" విషయంలో మాత్రం నా పట్టు నాదే. కాంటే బంతి లాక్కుంటున్నట్టు కనిపించేవాడు కాదు. అది అతని దగ్గరికే వచ్చినట్టు ఉండేది. ఆ మాట ఎంచుకున్నది అందుకే.

వేపచెట్టు:

27 ఏప్రిల్ 2014, లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఆ జట్టు మీద చెల్సీ.

జారె నేత కాలు; జారె బంతియుఁ గూడ;
బా యొకండె యురికి వలకు వేసె;
ఆశలన్ని కూలె నాన్‌ఫీల్డు గడ్డపై;
బంతి లేనివాఁడె పందెమందె.

కలంపోటు:

ఎత్తుగడ అద్భుతం. "జారె" రెండుసార్లు రావడంలో ఆ క్షణం మళ్లీ కళ్లకు కట్టింది. లివర్‌పూల్ కెప్టెన్ జెరార్డ్ కాలు జారడం, చెల్సీ ఆటగాడు డెంబా బా ఒంటరిగా దూసుకుపోవడం అంతా ఉంది. నా సందేహం వేరు. కాలు జారడం అదృష్టం, ఆటతీరు కాదు. నిర్వాహకులు అడిగింది ఆటతీరు. పద్యంలో చెల్సీ తాను చేసిన పని ఏదీ లేదు.

నిర్వాహకుడు:

కలంపోటు గారూ, ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఎదుటివాడు తప్పు చేసేదాకా ఓపిగ్గా ఉండటం కూడా ఒక ఆటతీరే. మౌరిన్యో జట్ల పునాది అదే. 2004-05లో ఆయన చెల్సీ లీగ్ మొత్తంలో ఇచ్చింది 15 గోల్స్ మాత్రమే. 2014లో ఆన్‌ఫీల్డ్‌కు వచ్చేసరికి లివర్‌పూల్ వరుసగా 11 మ్యాచ్‌లు గెలిచి ఉంది. ఆ వేగాన్ని ఢీకొనకుండా చెల్సీ ఆటను నెమ్మదింపజేసింది. గోల్ కిక్‌లకూ త్రోలకూ తీరిగ్గా సమయం తీసుకుంది, పెనాల్టీ ప్రాంతాన్ని మనుషులతో నింపింది. తొందర పుట్టిందల్లా లివర్‌పూల్ కాళ్లలోనే. చివర్లో రెండో గోల్ కూడా ఎదురుదాడిలోనే వచ్చింది. ఒకప్పటి లివర్‌పూల్ ఆటగాడు టోరెస్ బంతిని తీసుకెళ్లి, తాను కొట్టకుండా విలియన్‌కు ఇచ్చాడు. ఆ సీజన్ కప్పు చివరికి సిటీకి పోయింది, లివర్‌పూల్ కంటే రెండు పాయింట్ల ఆధిక్యంతో.

ఛందస్సులో లోపం లేదు. బా-వ యతి చక్కగా కుదిరింది. "నాన్‌ఫీల్డు" దగ్గర ద్రుతం (న-కారం) పోగా మిగిలిన అచ్చుకు యతి చెల్లుతుంది. ఒక ఇంగ్లీషు ఊరి మైదానం పేరు తగణంలో (రెండు గురువులు, ఒక లఘువు) ఇంత హాయిగా కూర్చోవడం చూస్తే ముచ్చటేసింది.

పాలపిట్ట:

క్లాప్ జట్టు మీద నా ప్రయత్నం.

బంతి పోవ నేమి? పైఁబడి నలుగురు
లిప్తలోన మరల లాగికొనఁగ;
క్లాపు నేర్పినట్టి కౌశల మిది చూడ;
బంతి లేనివాఁడె పందెమందె.

నిర్వాహకుడు:

భావం నాకు ఎంతో నచ్చింది. రెండో పాదంలో యతి తప్పింది. లి-లా కలవవు. "లిప్తలోన" బదులు "లాఘవమున" అంటే సరిపోతుంది:

లాఘవమున మరల లాగికొనఁగ

లివర్‌పూల్ బంతి పోగొట్టుకున్న చోటే మళ్లీ పట్టుకునేది, అదీ ఎదుటి గోల్‌కు దగ్గర్లో. ఎదుటివాడు అప్పుడే బంతి అందుకుని తల ఎత్తబోతుంటాడు. అతని జట్టువాళ్లు దాడికి వెళ్లేందుకు విడివడుతుంటారు. ఆ రెండు మూడు క్షణాల్లో అతనంత నిస్సహాయుడు మైదానంలో మరొకడు ఉండడు. క్లాప్ తన దాడిని కట్టుకున్నది ఆ క్షణాల మీదే. అందుకే "బంతి పోవ నేమి" అన్న ప్రశ్న ఈ పద్యానికి ప్రాణం. మిగతా జట్లకు బంతి పోవడం ఆపద, ఆ జట్టుకు అవకాశం. 2018-19లో 97 పాయింట్లు సాధించి కూడా ఒక్క పాయింటు తేడాతో సిటీకి కప్పు వదులుకుంది. మరుసటి ఏడాది 99 పాయింట్లతో, 30 ఏళ్ల తర్వాత, లీగ్ గెలిచింది.

మూడో పాదంలో "చూడ" కొంత పాదపూరణలా ఉంది. ఫుల్ బ్యాక్‌లు (అంచుల డిఫెండర్లు) అలెగ్జాండర్-ఆర్నల్డ్, రాబర్ట్‌సన్ రెండు అంచుల నుంచి పంపిన బంతులకు అక్కడ చోటు దొరికితే పద్యం ఇంకా నిండుగా ఉండేది.

ఏటిగట్టు:

క్రిస్టల్ ప్యాలెస్, సిటీ తలపడిన 2025 ఎఫ్.ఏ. కప్ (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ) ఫైనల్ మీద ఇంకొకటి.

నాఁడు వెంబ్లిలోన నడుమ నెజే తన్నె;
ప్యాలెసంత గోడ యగుచు నిలిచె;
సిటికి బంతి యెంత చేజిక్కినను గాని
బంతి లేనివాఁడె పందెమందె.

చలువరాయి:

16వ నిమిషంలో ప్యాలెస్ ఆటగాడు ఎజే గోల్, ఆ తర్వాత క్రిస్టల్ ప్యాలెస్ కాపుదల, 1-0. ఆ క్లబ్బుకు అదే మొదటి పెద్ద కప్పు. కానీ పెనాల్టీ ఆపిన కీపర్ డీన్ హెండర్సన్ ఏడీ? అతను లేని గోడ గోడ కాదు.

నిర్వాహకుడు:

నిజమే. హెండర్సన్ లేని లోటు లోటే. "చేజిక్కు" మాత్రం నుడికారం కనుక చెల్లుతుంది, పాలపిట్ట గారు నిశ్చింతగా ఉండవచ్చు.

కలంపోటు:

అందరూ బంతి వదిలేసినవాళ్లనే పొగుడుతున్నారు. సిటీ పక్షాన ఒకరైనా నిలబడాలి కదా. క్రమాలంకారంలో (ప్రశ్నల వరుసలోనే జవాబులు) నా పూరణ:

ఎవఁడు పరుగులెత్తి యింతలో నలసెను?
పాసు వెంటఁ బాసు వైచి సిటియు
చివర కేమి చేసె? చెప్పుమా క్రమముగా!
బంతి లేనివాఁడె, పందెమందె.

వేపచెట్టు:

ఇది పూరణ. సమస్యలోని వింత మొత్తం విడిపోయింది. పరుగెత్తి అలసినవాడు ఎవడంటే బంతి లేనివాడే. సిటీ ఏం చేసిందంటే పందెమందె. సమస్య ఇచ్చిన పాదాన్ని ఒక్క అక్షరం కదల్చకుండా దాని తీర్పునే తిరగరాశారు.

నిర్వాహకుడు:

వేపచెట్టు గారి మాటే నా మాట. ఒక చిన్న సవరణ మాత్రం. "యింతలో" అక్కడ పని చేయడం లేదు. ఎప్పుడు అలిశాడన్నది ముఖ్యం కాదు, ఎలా అలిశాడన్నదే ముఖ్యం. ఇలా అంటే ఎలా ఉంటుంది?

ఎవఁడు పరుగులెత్తి యిటునటు డస్సెను?

"ఇటునటు" అన్నది సిటీ పద్ధతికి సరిగ్గా తగిన మాట. 2017-18 జట్టును తలచుకోండి. ఎడమ అంచున సానె, కుడి అంచున స్టెర్లింగ్, ఇద్దరూ గీతను అంటిపెట్టుకుని నిలబడేవారు. బంతి ఎడమకు వెళ్తే ఎదుటి జట్టంతా ఎడమకు జరగాలి. అంతలో అది కుడికి వస్తుంది. మళ్లీ జరగాలి. ఈ ఊగిసలాటలో ఎవరో ఒక డిఫెండర్ ఒక్క అడుగు ఆలస్యమవుతాడు. ఆ సందులోంచి డి బ్రుయ్‌నె పాస్ దూరుతుంది. అంచు చివరి నుంచి బంతి గోల్ ముందుకు వెనక్కి వస్తుంది, అవతలి అంచు ఆటగాడు దాన్ని వలలోకి నెట్టేస్తాడు. ఆ సీజన్‌లో సిటీ 32 మ్యాచ్‌లు గెలిచింది, 106 గోల్స్ కొట్టింది, 100 పాయింట్లు సాధించింది. కలంపోటు గారి పద్యంలో ఒక్క పేరూ లేదు, అయినా ఆ పద్ధతి మొత్తం ఉంది. సిటీకి బంతి ఉంచుకోవడం దాడి మాత్రమే కాదు, కాపుదల కూడా. బంతి నీ దగ్గర ఉన్నంతసేపు ఎదుటివాడు గోల్ చేయలేడు.

చలువరాయి:

చివరిగా ఆర్సెనల్. శిక్షకుడు అర్టెటా జట్టు కార్నర్ కిక్ (మైదానం మూల నుంచి తన్నే కిక్) మీద. రైస్ ఆ కిక్ తన్నే ఆటగాడు.

మూలనుండి రైసు మోదఁగా బంతిని
గోలి దారి నొకఁడు గోడ గట్టె;
తలను జేర్చి యొకఁడు తటుకునఁ గోల్ సేయ
బంతి లేనివాఁడె పందెమందె.

పాలపిట్ట:

గోలీకి (గోల్ కీపర్‌కు) అడ్డంగా గోడ కట్టడం ఫౌల్ కాదా? అలాంటి గోల్‌ను పద్యంలో మెచ్చుకోవచ్చునా?

నిర్వాహకుడు:

నిబంధన ఇలా ఉంది: తాను నిలబడిన చోటు మీద ప్రతి ఆటగాడికీ హక్కుంది. దారిలో ఉండటం తప్పు కాదు, కదిలి దారికి అడ్డం రావడం తప్పు. ఈ సన్నని గీత మీదే ఆర్సెనల్ కార్నర్ కిక్‌లు నడుస్తాయి. వాటిని తీర్చిదిద్దిన కోచ్ నికొలా జొవే 2021లో సిటీ నుంచే వచ్చారు. "గోడ గట్టె" కాస్త తప్పువైపు మొగ్గుతుందని ఒప్పుకుంటాను. చలువరాయి గారు ఆ క్రియను సరిచూసుకోవాలి. మ-గ-త వరుసలో యతులన్నీ సరిపోయాయా అని మళ్లీ చూశాను; మూ-మో, గో-గో, త-త, ఎక్కడా తప్పు లేదు.

అయినా ఈ పద్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. మిగిలిన పూరణల్లో బంతి లేనివాడంటే ఒక జట్టు. ఇక్కడ ఒక మనిషి. తన్నినవాడి పేరు ఉంది, తల తాకించినవాడు ఉన్నాడు, కానీ గెలిపించినవాడు బంతిని ముట్టుకోనేలేదు. ఏ క్షణంలో చూసినా మైదానంలో ఉన్న 22 మందిలో కనీసం 21 మంది దగ్గర బంతి ఉండదు. మన కళ్లు మాత్రం బంతి వెంటే పోతాయి. సానె గీత మీద ఊరికే నిలబడటం, కాంటే పాస్ దారిలో కాపు కాయడం, లివర్‌పూల్ నలుగురు ఒక్కసారిగా ముందుకు దూకడం, ఇవన్నీ బంతి లేనివాళ్లు చేసిన పనులే. జట్ల ఆటతీరులో తేడా తెలియాలంటే వాళ్లనే చూడాలని నా గట్టి అభిప్రాయం. గోల్స్ ముక్కలు మాత్రమే చూపించే వీడియోలు చూసి ఏ జట్టునూ అంచనా వేయకండి.

ఈ వారం ఉత్తమ పూరణ కలంపోటు గారిది, సవరించిన మొదటి పాదంతో. ఆ వెనకే చలువరాయి గారిది. వేపచెట్టు గారి "జారె" మాత్రం చాలాకాలం నా నోట ఆడుతుంది.

వచ్చే వారానికి తేటగీతి చివరి పాదం:

గోలు చేయక గెలిచిరి గొప్పగాను

మైదానం, జట్లు మీ ఇష్టం. పూరణతో పాటు మీరు తలచుకున్న మ్యాచ్ ఏదో ఒక వాక్యంలో రాయండి, చర్చకు వీలుగా ఉంటుంది.