అప్‌డేట్: అమెరికా నుంచి వచ్చిన బార్బీ డీవీడీ ఎట్టకేలకు ఆడింది

పోయిన వారం ఇక్కడ అడిగాను కదా, మా పిన్ని పంపిన 'బార్బీ యాజ్ ది ప్రిన్సెస్ అండ్ ది పాపర్' (2004) డిస్క్ పెడితే మా ప్లేయర్ ఎర్రర్ చూపించి బయటికి తోసేస్తోందని. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

రీజియన్ కోడ్ (డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే నంబర్) చూడమన్నవారిదే కరెక్ట్. అట్ట వెనక భూగోళం బొమ్మలో 1 అని ఉంది, అంటే అమెరికా, కెనడాలది. మనది 5. జగదాంబ దగ్గర రిపేర్ షాపాయన కూడా లెన్స్ శుభ్రంగా ఉందని, డబ్బులు తీసుకోకుండా పంపేశారు. డిస్క్ మీద గీతల వల్లేమో అన్నారు కొందరు, కానీ గీతలకీ దీనికీ సంబంధం లేదు. గీతలు పోవడానికి టూత్‌పేస్ట్ రాయమన్న సలహా నేను పాటించాను, అనవసరంగా కొత్త గీతలు పడ్డాయి!

చివరికి ల్యాప్‌టాప్‌కి తగిలించే డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ 1కి మార్చాను. ఒక్క జాగ్రత్త: మామూలుగా ఐదుసార్లే మార్చనిస్తుంది, తర్వాత చివరిగా పెట్టిన రీజియన్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఇక మార్చను, ఆ డ్రైవ్ పిన్ని డిస్కులకే.

రాకుమారి అన్నెలీస్, అచ్చం ఆమెలాగే ఉండే కుట్టుపని అమ్మాయి ఎరికా, ఇద్దరి పాటలూ బాగున్నాయి. మా పాపకి మాత్రం హీరో అంటే కుక్కలా మొరిగే పిల్లి. ఇప్పటికి నాలుగుసార్లు చూసింది.