14 అంతస్తుల టవర్‌కి బిమ్ అవసరమా? వాడినోళ్లు చెప్పండి

బెజవాడ_సివిల్:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక మీడియం బిల్డర్ దగ్గర ప్రాజెక్ట్ ఇంజనీర్‌ని. ఇప్పటిదాకా ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లే కట్టాం, ఇప్పుడు రెండు సెల్లార్లు, 14 ఫ్లోర్లతో టవర్ మొదలవుతోంది. ఆర్కిటెక్ట్ గారు బిమ్‌లో (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే స్ట్రక్చర్, పైపులు, వైరింగ్ అన్నీ వివరాలతో సహా ఒకే త్రీడీ మోడల్‌లో పెట్టడం) చేయిద్దాం అంటున్నారు, మా ఓనర్ ఏమో ఇన్నేళ్లు ఆటోక్యాడ్ డ్రాయింగ్స్‌తో కట్టలేదా, దానికి ఇంత ఫీజు ఎందుకు అంటున్నారు. ఆయన అడగడంలోనూ న్యాయం ఉంది, పోయిన ప్రాజెక్ట్‌లో ఒక కన్సల్టెంట్ త్రీడీ మోడల్ చేసిస్తే అది బ్రోచర్‌కి తప్ప సైట్‌లో ఎవరూ తెరిచింది లేదు. నిజంగా డబ్బు ఎక్కడ మిగులుతుందో, ఎక్కడ మిగలదో చెప్పండి ప్లీజ్.

హైద్రాబాద్_ఎంఈపీ:
అన్నా, మిగతావన్నీ తర్వాత, ముందు నీ సెల్లార్ చూసుకో. ఫ్లోర్ టు ఫ్లోర్ 3.6 మీటర్లు అనుకుందాం. బీమ్ 750 ఎంఎం పోతే 2.85, దాని కింద ఎగ్జాస్ట్ డక్ట్ (గాలి బయటికి పంపే గొట్టం) 400 ఎంఎం పోతే 2.45. ఇప్పుడు పైనుంచి వచ్చే 110 ఎంఎం డ్రెయిన్ లైన్ ఆ డక్ట్ కింద నుంచి 20 మీటర్లు పోవాలంటే 1:100 స్లోప్‌కే 200 ఎంఎం దిగిపోద్ది, పైపుతో కలిపి లెక్కేస్తే చివర్లో నీకు మిగిలేది 2.14, కారు డిక్కీ డోర్ ఎత్తితే పైపుకి తగిలే పరిస్థితి. స్ప్రింక్లర్, కేబుల్ ట్రే ఇంకా లెక్కలోకి రాలేదు. స్ట్రక్చరల్ వాళ్ల డ్రాయింగ్ వేరు, ప్లంబింగ్ వాళ్లది వేరు, రెండూ ప్లాన్‌లో చూస్తే క్లీన్‌గానే ఉంటాయి, ఎత్తులో కొట్టుకుంటాయి, అది మోడల్‌లో తప్ప కనపడదు. ముందే తెలిస్తే డక్ట్ రూట్ మారుస్తాం, లేదా బీమ్‌లో స్లీవ్ (పైపు పోవడానికి కాంక్రీట్ పోసే ముందే వదిలే రంధ్రం) పెట్టమని స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడుగుతాం. స్లాబ్ పోసేశాక తెలిస్తే కోర్ కటింగే, అంటే గట్టిపడ్డ కాంక్రీట్‌కి మెషిన్‌తో రంధ్రం కొట్టడమే, అదీ పోస్ట్ టెన్షన్ స్లాబ్ అయితే టెండన్ (లోపల బిగించి లాగిన స్టీల్ కేబుల్) తెగే ప్రమాదం ఉంటుంది, అది మామూలు విషయం కాదు.

ఒక్క మాట, మోడల్ అంతా కలిపి నావిస్‌వర్క్స్ అనే చెకింగ్ సాఫ్ట్‌వేర్‌లో రన్ చేయగానే క్లాష్‌లు (ఒకదానికొకటి తగిలే చోట్లు) వేలల్లో వస్తాయి, ఆ రిపోర్ట్ చూసి భయపడొద్దు, చాలావరకు పైపు ఇన్సులేషన్ గోడకి తగిలింది లాంటివే. ఏది స్లాబ్ కన్నా ముందు తేలాలి, ఏది సైట్‌లో సర్దుకోవచ్చు అని విడదీసే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే సాఫ్ట్‌వేర్ కొన్నా ఉపయోగం లేదు.

బిల్లింగ్_గోదావరి:
క్వాంటిటీల గురించి నేను చెప్తానండి. బటన్ నొక్కితే బీఓక్యూ (ఏ పని ఎంత పరిమాణమో చెప్పే లిస్ట్) వచ్చేస్తుంది అని అమ్మేవాళ్లు చెప్తారు, అంత సీన్ లేదు. కాంక్రీట్, బ్లాక్ వర్క్, తలుపులు కిటికీలు బాగానే వస్తాయి, అదీ కాలమ్, బీమ్, స్లాబ్ సరిగ్గా జాయిన్ చేస్తేనే, లేకపోతే ఒకే కాంక్రీట్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. స్టీల్ అయితే రీబార్ (కాంక్రీట్ లోపలి కడ్డీలు) మొత్తం మోడల్ చేయించాలి, దానికి టైమ్, ఫీజు రెండూ ఎక్కువ, మీ సైజుకి మామూలు బీబీఎస్ (కడ్డీల సైజు, పొడవు, సంఖ్య రాసే పట్టిక) చాలు అని నా అభిప్రాయం. ప్లాస్టరింగ్ దగ్గర ఇంకో తిరకాసు, మోడల్ నెట్ ఏరియా ఇస్తుంది, మన కొలతలేమో ఐఎస్ 1200 (పనుల కొలతలకి ఇండియన్ స్టాండర్డ్) ప్రకారం, అందులో 0.5 చదరపు మీటర్ల లోపు ఓపెనింగ్‌కి కోత ఉండదు. కాబట్టి మోడల్ లెక్కకీ సబ్ కాంట్రాక్టర్ బిల్లుకీ తేడా వస్తుంది, దాన్ని దొంగ బిల్లు అనుకుని మేస్త్రీతో గొడవ పెట్టుకోవద్దు. బడ్జెట్ వేసుకోడానికి, ఎక్కడైనా లెక్క పూర్తిగా తప్పిందేమో పట్టుకోడానికి మాత్రం చాలా బాగా పనికొస్తుంది.

యూకే_తెలుగు_క్యూఎస్:
ఇక్కడ యూకేలో ప్రభుత్వ ప్రాజెక్టులకి 2016 ఏప్రిల్ నుంచి బిమ్ తప్పనిసరి చేశారు, 2011లోనే ప్రకటించి ఐదేళ్లు టైమిచ్చారు. నేను చూసినంతలో అసలు లాభం త్రీడీలో లేదండి, ఎవరు ఏ సమాచారం ఎప్పుడు ఇవ్వాలి, ఏ రివిజన్ చెల్లుతుంది అని ముందే రాసుకోవడంలో ఉంది, 2018లో బిమ్ కోసం వచ్చిన అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎస్ఓ 19650 చెప్పేది కూడా అదే. అందరి ఫైళ్లూ ఒకే చోట, అప్రూవ్ అయినవే సైట్‌కి. వాట్సాప్‌లో పాత డ్రాయింగ్ తిరుగుతుంటే ఎంత మంచి మోడల్ ఉన్నా ఎవరూ కాపాడలేరు. మన దేశంలో నాగ్‌పూర్ మెట్రో వాళ్లు షెడ్యూల్, ఖర్చు కూడా కలిపి 5డీ బిమ్ వాడారు, కానీ అది పెద్ద సంస్థ, మీరు అంతదూరం పోనక్కర్లేదు. మీ పాత మోడల్‌ని ఎవరూ తెరవకపోవడానికి కారణం కాంట్రాక్ట్‌లో దాని ఊసు లేకపోవడమే అయ్యుంటుంది.

బెజవాడ_సివిల్:
అందరికీ చాలా థ్యాంక్స్, ఆ 2.14 లెక్క మా ఓనర్‌కి చూపిస్తే వెంటనే కూర్చుని విన్నారు. సెల్లార్లు, ఒక టిపికల్ ఫ్లోర్ (పైన అన్ని అంతస్తుల్లో రిపీట్ అయ్యే ప్లాన్) వరకు చేయించమంటున్నారు. మరి కాంట్రాక్ట్‌లో ఏం రాయమంటారు?

హైద్రాబాద్_ఎంఈపీ:
సరైన నిర్ణయం అన్నా. టిపికల్ ఫ్లోర్‌లో ఒక టాయిలెట్ షాఫ్ట్ (పైపులు నిలువుగా దిగే గూడు) కొలత తప్పితే అదే తప్పు 14 సార్లు కట్టాల్సొస్తుంది, అక్కడ పెట్టిన ఫీజు ఎక్కడికీ పోదు. కాంట్రాక్ట్‌లో మూడే రాయించు. ప్లంబింగ్, ఫైర్, ఎలక్ట్రికల్ వాళ్లు కోఆర్డినేషన్ మీటింగ్‌కి తప్పకుండా రావాలి. మోడల్‌లో తేలిన రూట్ కాకుండా వేరేగా పైపు వేస్తే వాళ్ల ఖర్చుతోనే విప్పాలి. స్లీవ్ డ్రాయింగ్ మీద అందరి సంతకాలు పడకుండా ఆ స్లాబ్ పోయకూడదు. ఇంకోటి, మేస్త్రీకి ల్యాప్‌టాప్ చూపించి లాభం లేదు, స్లీవ్ సైజు, గ్రిడ్ నుంచి దూరం, కింద నుంచి ఎత్తు రాసి ఏ3 ప్రింట్ తీసి సెంట్రింగ్ దగ్గరే పెట్టించు.