దేవరకొండలో అటక మీద దొరికిన చేతిపిడి చెక్క పరికరం ఏమిటి?

ప్రశ్న (దేవరకొండ): మా పాత ఇంటి కప్పు విప్పుతుండగా అటక మీద మూరెడు వెడల్పున్న ఒక చెక్క పరికరం దొరికింది. అడుగున పీట, అందులో దిగగొట్టిన రెండు నిలువు చెక్కలు, వాటి మధ్య ఒకదానికొకటి ఆనుకొని అడ్డంగా రెండు సన్నని రోలర్లు ఉన్నాయి. ఒక కొనకు చేతిపిడి ఉంది. రెండో కొనలో రెండు రోలర్లకూ స్క్రూకు ఉన్నట్టు ఏటవాలు గాడులు చెక్కారు. కొందరు చెరకు రసం తీసేదంటున్నారు. గుర్తుపట్టినవారు దయచేసి చెప్పండి, ఎందుకంటే ఇంట్లో దీన్ని వంటచెరకులో వేసేద్దామంటున్నారు.

జవాబు (పోచంపల్లి): దయచేసి పొయ్యిలో పెట్టనివ్వకండి. ఇది పత్తిలో గింజలు తీసే యంత్రం. చెరకు గానుగ రోలర్లు చాలా లావుగా ఉంటాయి, ఎద్దులను కట్టి తిప్పే గానుగలో అవి నిలువుగా నిలబడతాయి. మీరు చెప్పిన సన్నని రోలర్ల సందులోకి చెరకు గడ అసలు దూరదు. పీట మీద కాలు అదిమిపెట్టి, ఒక చేత్తో పిడి తిప్పుతూ రెండో చేత్తో పత్తిని కొద్దికొద్దిగా అందిస్తే, దూది ఆ సందులోంచి అవతలికి సాగిపోతుంది, గింజ పట్టక ఇవతలే రాలిపోతుంది. గాడులను జాగ్రత్తగా చూడండి: ఒక రోలరు మీద కుడికి, మరొకదాని మీద ఎడమకు తిరిగి ఉండాలి. అలా ఉంటేనే ఒక్క పిడితో రెండూ ఎదురెదురుగా తిరుగుతాయి. ఇనుప పళ్ల చక్రం లేకుండా, చెక్కలోనే మర చెక్కి ఆ పని చేయించిన వడ్రంగి నేర్పు నాకెప్పుడూ ఆశ్చర్యమే.

జవాబు (మహబూబ్‌నగర్): పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. అమెరికాలో 1793లో ఎలీ విట్నీ చేసిన యంత్రం పళ్లతో దూదిని లాగేది. మనది రోలర్ల పద్ధతి, అంతకన్నా చాలా పాతది. నేటికీ మన దేశంలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులు ఎక్కువగా రోలర్లతోనే నడుస్తున్నాయి. పత్తి బరువులో దాదాపు మూడో వంతే దూది, మిగిలినదంతా గింజే. ఆ గింజలు బర్రెలకు దాణాగా పోయేవి, అందుకే ఇలాంటి యంత్రం నూలు వడికే ఇంట్లోనే కాక పాడి ఉన్న ఇంట్లోనూ దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు: గాడులు మీరు చెప్పినట్టే ఎదురెదురుగా ఉన్నాయి. చెక్క పగుళ్లలో నూగు ఇరుక్కొని ఉంది, దాన్ని సూదితో తీయగా ఎండిన పత్తిగింజ పొట్టు కూడా వచ్చింది. ఇక దీన్ని శుభ్రం చేయడం ఎలా?

జవాబు (గద్వాల): గరుకు కాగితంతో రుద్దకండి, వార్నిష్ వేయకండి, చేతి అరుగుదల గుర్తులు పోతాయి. మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. పుచ్చు రంధ్రాల నుంచి పొడి రాలుతుంటే ముందు దానికి మందు వేయించండి. బిగుసుకుపోయిన చోట బలవంతంగా తిప్పవద్దు, గాడులు ఒక్కసారి విరిగితే మళ్లీ అతకవు. తీసిన పొట్టును చిన్న సీసాలో వేసి యంత్రంతోనే ఉంచండి, అది దేనికి వాడారో చెప్పడానికి అదే సాక్ష్యం.