19వ శతాబ్దపు ట్రేడ్ కార్డులు, బిల్‌హెడ్లు: అసలువేనా? పేజీ నుంచి ఊడదీయవచ్చా? కాలం ఎలా కట్టాలి?

కొత్తపుట:
అమెరికా, ఇంగ్లండు సరుకు కలగలిసిన లాట్ ఒకటి చేతికొచ్చింది. ఇందులో సగం రంగుల ట్రేడ్ కార్డులు. సబ్బులు, కుట్టుదారం, కాఫీ, మందుల ప్రకటనలు. పాత స్క్రాప్‌బుక్ పేజీలకు రెండు వైపులా అంటించి ఉన్నాయి. పేజీలు గోధుమరంగుకు తిరిగి, అంచులు పట్టుకుంటే రాలిపోతున్నాయి. మిగతా సగం మడతపెట్టిన బిల్‌హెడ్లు (పైన దుకాణం పేరు అచ్చేసిన బిల్లు కాగితాలు), చాలావాటికి నడిమధ్యలో చిల్లు ఉంది.

ఇవి ఆ కాలానివేనా, తర్వాత వేసిన రీప్రింట్లా? కార్డులు నీళ్లలో నానబెట్టి తీయవచ్చా? తేదీ లేనివాటికి కాలం ఎలా కడతారు? చిల్లు పడితే బిల్లు విలువ పోయినట్టేనా?

భూతద్దం:
మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. 10 రెట్లు పెద్దది చేసి చూపే లూప్ (చిన్న భూతద్దం) ఒకటి దగ్గరుంచుకోండి. ఫోన్ జూమ్ పనికిరాదు, చుక్కల్ని తనకు తోచినట్టు నునుపు చేసేస్తుంది. బొమ్మలో ముఖమో ఆకాశమో, లేత రంగులున్న చోటు చూడండి. అచ్చు గుట్టు అక్కడే బయటపడుతుంది.

1870ల నుంచి 1890ల దాకా వచ్చిన రంగు కార్డుల్లో అధిక భాగం క్రోమోలిథో, అంటే రాళ్ల మీది నుంచి వేసిన రంగుల అచ్చు. ఎంగెల్‌మన్ 1837లో ఫ్రాన్సులో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. ఒక్కో రంగుకు ఒక్కో సున్నపురాయి, దాని మీద చుక్కలు చేత్తో పెట్టినవి. పిల్ల బుగ్గ మీద లూప్ పెడితే గులాబీ చుక్కలు చిన్నా పెద్దా కలిసి, వరస లేకుండా కనబడతాయి. వాటి మధ్య లేత గోధుమ చుక్కలు, అన్నిటికీ అడుగున పరిచిన పసుపు పొర. ఆరేడు రంగులు మామూలు, మంచి కార్డుల్లో పది దాటుతాయి. కాగితం సరిగ్గా కుదరకపోతే ఏదో ఒక రంగు గీత దాటి బయటికొస్తుంది. అచ్చుగా అది లోపమే, మీకు మాత్రం సాక్ష్యం.

ఆధునిక ఆఫ్‌సెట్ అయితే నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు పూరేకుల్లా గుండ్రంగా కూడి ఉంటాయి. ఆ రోజెట్ కనబడిందంటే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, రీప్రింటే. ఇంక్‌జెట్ అయితే సన్నని తుంపర, అక్షరాల అంచులు చెదిరి ఉంటాయి.

ఒక చోట మాత్రం జాగ్రత్త. 1879లో అమెరికాలో బెన్ డే పద్ధతికి పేటెంట్ వచ్చింది. తయారుగా ఉన్న చుక్కల తెరను రాయి మీదికి దింపేవాళ్లు. దాంతో అసలు క్రోమోలిథోలో కూడా అక్కడక్కడా చుక్కలు బుద్ధిగా వరసలో కనబడతాయి. అది చూసి హాఫ్‌టోన్ (ఫొటోను చుక్కలుగా విడగొట్టి వేసే అచ్చు) అనుకుని మంచి కార్డును పక్కన పడేసేవాళ్లు ఉన్నారు. బెన్ డే తెర పడిన మేర చుక్కలన్నీ దాదాపు ఒకే సైజు. హాఫ్‌టోన్‌లో నీడ ముదిరేకొద్దీ చుక్క లావవుతుంది. ఈ తేడా పట్టుకుంటే చాలు.

ఇంకో గుర్తు. ఈ కార్డుల్లో చాలావరకు స్టాక్ కార్డులు. ప్రింటరు బొమ్మ వేసి, ఖాళీ వదిలి వేలల్లో అమ్మేవాడు. ఊళ్లోని దుకాణదారు తన పేరును విడిగా కొట్టించుకునేవాడు. ఆ పేరు సాధారణంగా లెటర్‌ప్రెస్, అంటే ఉబ్బెత్తు అక్షరాలకు సిరా పూసి ఒత్తే అచ్చు. లూప్ కింద అక్షరం అంచున సిరా ఒత్తుకుని ముదురు గట్టులా ఉంటుంది, లైటు పక్కనుంచి వేస్తే కాగితంలో ఒత్తుడు తెలుస్తుంది. బొమ్మ, పేరు రెండూ ఒకే చదునులో, ఒకే సిరాతో ఉంటే అనుమానించండి.

365 నానోమీటర్ల యూవీ టార్చి కూడా పనికొస్తుంది. ఆప్టికల్ బ్రైటెనర్లు (తెలుపును పెంచే రసాయనాలు) కాగితంలోకి వచ్చింది రెండో ప్రపంచయుద్ధం దరిదాపుల్లో. కార్డంతా నీలి తెలుపుగా వెలిగిందా, అది 19వ శతాబ్దపు కాగితం కాదు. అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చ వెలిగితే కంగారు పడొద్దు. బట్టల సబ్బు అంటినా అలాగే వెలుగుతుంది. వెలగకపోవడం మాత్రం దేనికీ రుజువు కాదు, బ్రైటెనర్ లేని కాగితం ఈనాడూ దొరుకుతుంది.

టీ నీళ్లలో ముంచి పాతబరిచినవి కూడా తిరుగుతున్నాయి. అసలు పాతకాగితం అంచుల్లో ముదురుగా, లోపలికి పోయేకొద్దీ లేతగా ఉంటుంది. టీ అయితే మడతల్లో, గీతల్లో చేరి చారలు కడుతుంది.

నీటిచుక్క:
నానబెట్టడం గురించి. అన్ని కార్డులూ నీటికి తట్టుకోవు. ముందు వేరు చేయండి, ఆ తర్వాతే పళ్లెం.

నీళ్లలో వేయకూడనివి: సిరాతో రాత ఉన్నవి, ఊదా లేదా ఎరుపు రబ్బరు స్టాంపు ఉన్నవి (అవి అనిలిన్ రంగులు, నిమిషంలో కారిపోతాయి), చేత్తో నీటిరంగు పూసినవి, కదిలే భాగాలు అతికించినవి, ఉబ్బెత్తు ముద్ర ఉన్నవి. ఉబ్బెత్తు తడిస్తే చదునైపోతుంది, మళ్లీ రాదు. పొరలు అతికించి చేసిన మందపాటి అట్ట కూడా ప్రమాదమే. పేజీని పట్టుకున్న జిగురు కరిగేలోపు కార్డు పొరల మధ్య జిగురు కరుగుతుంది, ఒకటి మూడవుతుంది. మూల దగ్గర అంచును లూప్‌తో చూస్తే పొరలు తెలుస్తాయి.

మిగిలినవాటికి రంగు పరీక్ష. దూది పుల్లను డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, విదిల్చి, ఒక్కో రంగు మీద మూలగా పది సెకన్లు ఆనించండి. రుద్దకండి. దూదికి రంగు అంటితే ఆ కార్డు ఆగిపోయినట్టే. బంగారు రంగును తప్పకుండా పరీక్షించండి. అది కంచు పొడి, కింద ఉన్న పట్టు వదిలితే పొడి తేలిపోతుంది.

తర్వాత పని ఇలా:

పేజీని కార్డు చుట్టూ అర అంగుళం వదిలి కత్తిరించండి. వెనకవైపు కూడా కార్డు ఉందని మర్చిపోకండి. రెండూ పరీక్ష నెగ్గితేనే ఈ పని. వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని డిస్టిల్డ్ వాటర్ రెండంగుళాలు పోయండి. పాలిఎస్టర్ నాన్‌వోవెన్ (నేయని) గుడ్డ మీద కార్డును పెట్టి, గుడ్డతో సహా దింపండి. ఎత్తేటప్పుడు కూడా గుడ్డనే పట్టుకుని ఎత్తాలి, తడిసిన కార్డుకు తన బరువే ఎక్కువ. పిండి జిగురైతే 15 నుంచి 30 నిమిషాల్లో పేజీ దానంతటదే జారుతుంది. జారకపోతే ఇంకాసేపు ఉంచండి. లాగారా, కార్డు వెనక అచ్చు పేజీతో పాటు ఊడి వస్తుంది. వెనకవైపు చదవడానికే కదా ఇంత శ్రమ!

పేజీ వదిలాక వెనక జిగటగా మిగిలిన జిగురును మెత్తటి కుంచెతో నీళ్లలోనే తోయండి. మిగిలిపోతే ఆరేటప్పుడు అద్దుడు కాగితానికి (బ్లాటింగ్ పేపర్) అతుక్కుంటుంది, తర్వాత పురుగులకు మేత. కొత్త నీళ్లలో ఒకసారి కడిగి, నాన్‌వోవెన్ గుడ్డల మధ్య, ఆపైన అద్దుడు కాగితాల మధ్య పెట్టి తేలికపాటి బరువు పెట్టండి. అద్దుడు కాగితాన్ని మొదట అరగంటకు, తర్వాత రెండు గంటలకు, ఆపైన పూటకోసారి మార్చాలి. రెండు రోజులు బరువు కింద నుంచి తీయొద్దు. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటే బయటికి తీసిన గంటకు దోనెలా వంగుతుంది.

సెలోటేపు, రబ్బరు సిమెంటు నీటికి లొంగవు. వాటిని ద్రావకాలతో తీయాలి, అది కన్సర్వేటరు (పాత కాగితాలను బాగుచేసే నిపుణుడు) పని.

నీటికి నిలవని కార్డు వెనక పేజీ మాత్రం పోవాలంటే మిథైల్ సెల్యులోజ్ అనే పొడి ఉంది. నూరు మిల్లీలీటర్ల నీటికి నాలుగు గ్రాములు, రాత్రంతా నాననిస్తే చిక్కటి గంజి అవుతుంది. దాన్ని పేజీ కాగితం మీద మాత్రమే పూసి, పావుగంట ఆగి, ఎముక చాకుతో పొరపొరగా గీకాలి. ముఖం వైపుకు తడి రానే రాకూడదు. మళ్లీ మళ్లీ పూయాల్సి వస్తుంది, విసుగుపుట్టే పనే. సిరా రాత ఉన్నవాటికి మాత్రం ఇది కూడా వద్దు.

అతుకుబొంత:
ఒక్క మాట. పేజీలన్నీ ఒకే ఆల్బమ్‌వి అయి, వరస చెడకుండా ఉంటే ఊడదీయకండి. ఏ కార్డు పక్కన ఏది అంటించారో, ఏ ఊరి దుకాణాల పేర్లు ఎక్కువ ఉన్నాయో, అదంతా ఆ పేజీలోనే ఉంది. కార్డుగా అది వెయ్యిమంది దగ్గర ఉండేదే. ఆ పేజీ మాత్రం ఒక్కటే. అమ్మేవాళ్లు ఆల్బమ్‌ను ముక్కలు చేస్తారు, విడిగా అయితే ఎక్కువ వస్తుందని. సేకరించేవాళ్లు కూడా అదే చేయడం నాకు నచ్చదు.

నీటిచుక్క:
పూర్తి ఆల్బమ్ అయితే నాదీ అదే మాట. కానీ ఈయన చెప్పేది విడి పేజీలు, అదీ రాలిపోతున్నవి. కలపగుజ్జు కాగితంలోని ఆమ్లం కార్డులోకి దిగుతుంది. తీసేముందు పేజీ రెండు వైపులా 600 డీపీఐ స్కాన్ చేసి, ఏది ఎక్కడుందో నంబరు వేసుకుంటే సమాచారం పోదు. కార్డు వెనక ఏమీ అచ్చు లేదని అంచు నుంచి తెలిసిపోతే పేజీతోనే వదిలేయండి, బఫర్డ్ (ఆమ్లాన్ని అణిచే క్షారం కలిపిన) కాగితం మధ్య పెట్టి ఫోల్డరులో ఉంచితే చాలు.

ఖాతాపుస్తకం:
బిల్‌హెడ్ల సంగతి నేను చూస్తాను. చిల్లు గురించి బెంగ వద్దు. డబ్బు ముట్టిన బిల్లును నిలువు ఇనుప ముల్లుకు గుచ్చేవాళ్లు, అదే ఫైలు. అంటే అది వాడిన కాగితం. బొమ్మ నడిమధ్యన పడితే విలువ కొంత తగ్గుతుంది, అంతే. వెనక్కి తిప్పి చూడండి. నిలువుగా మడిచి, పైకి కనిపించే మడత మీద పేరు, తేదీ, మొత్తం రాసి ఉంటాయి. ముందువైపు తేదీ చెరిగిపోయినా ఇక్కడ దొరుకుతుంది.

కాలం కట్టేటప్పుడు ముందుగా దశాబ్దపు అంకెలు. బిల్లు పైన '186' అని అచ్చువేసి చివరి అంకెకు ఖాళీ వదిలేవాళ్లు. గుమాస్తా ఆ 6ను కొట్టేసి 7 రాశాడంటే, పాత సరుకు మిగిలిపోయి వాడారని. బిల్లు 1870ల్లోది, అచ్చు 1860ల్లోది. రెండు తేదీలనూ విడిగా రాసుకోవాలి.

'స్థాపితం 1810' లాంటిది చూసి మోసపోవద్దు, అది కంపెనీ వయసు. పతకాల బొమ్మలు అంతకంటే నమ్మకం: వాటిలో చివరిది 1876 ఫిలడెల్ఫియా ప్రదర్శనది అయితే, అచ్చు అంతకంటే ముందుది కాదు. టెలిఫోన్ నంబరు ఉంటే 1878 తర్వాతదే. అమెరికాలో మొదటి వ్యాపార ఎక్స్‌చేంజి న్యూ హేవెన్‌లో తెరిచింది ఆ ఏడే. లండన్‌లో మరుసటి ఏడు.

లండన్ చిరునామాలు ఇంకా బాగా పట్టిస్తాయి. ఇ.సి., డబ్ల్యు.సి. లాంటి తపాలా అక్షరాలు 1857, 58ల్లో వచ్చాయి. వీటిలో ఎన్.ఇ.ని 1866లో, ఎస్.ను 1868లో ఎత్తేశారు. కాబట్టి 'లండన్ ఎన్.ఇ.' అని అచ్చయిన బిల్‌హెడ్ చాలావరకు ఆ కొద్ది ఏళ్లదే, అలవాటుకొద్దీ తర్వాతా వాడినవాళ్లను మినహాయిస్తే. అక్షరాల పక్కన అంకె ఉంటే, ఉదాహరణకు ఇ.సి.1, అది 1917 తర్వాతది. 'పందొమ్మిదో శతాబ్దం' అని చెప్పి అమ్మే సరుకులో ఈ అంకె తరచూ దొరికిపోతుంది. పేరు చివర 'లిమిటెడ్' ఉంటే 1855 చట్టం తర్వాత, 'రిజిస్టర్డ్ ట్రేడ్ మార్క్' అని ఇంగ్లండు బిల్లు మీద ఉంటే 1876 నుంచి.

స్టాంపు చూడండి. ఇంగ్లండులో 1853 నుంచి రెండు పౌండ్లు, ఆపై రశీదుకు పెన్నీ సుంకం. స్టాంపు మీద అడ్డంగా సంతకం చేసి రద్దు చేసేవాళ్లు. అది ఊదా రంగు పెన్నీ లైలాక్ అయితే 1881 లేదా ఆ తర్వాత. అమెరికాలో ఇరవై డాలర్లు దాటిన రశీదుకు రెండు సెంట్ల రెవెన్యూ స్టాంపు 1864 ఆగస్టు నుంచి 1870 దాకా. స్టాంపు కోసం బిల్లు నుంచి ఊడపీకే మహానుభావులున్నారు. ఆ చోట లేత చతురస్రం మిగిలి ఉంటుంది, కొనేముందు చూసుకోండి.

ఫ్యాక్టరీ బొమ్మను మాత్రం నమ్మకండి. పొగ గొట్టాలు, రైలు పట్టాలు, ముందు గుర్రపు బళ్లు, అన్నీ యజమాని కోరిక మేరకు చెక్కినవే. పక్కనున్న భవనాన్ని కూడా తనదిగా వేయించుకున్నవాళ్లు ఉన్నారు.

కొత్తపుట:
చాలా సంతోషం అండీ. రెండు సందేహాలు మిగిలాయి. కొన్ని కార్డులు పింగాణీలా తెల్లగా, గట్టిగా మెరుస్తున్నాయి, ఒకటి రెంటికి అంచుల్లో బూడిద నలుపు పాకింది. ఇంకా ఒక బిల్లు మీద సిరా రాత చుట్టూ గోధుమరంగు వలయం ఉంది, వెనకవైపుకు కూడా కొట్టింది.

నీటిచుక్క:
మెరిసేవి పింగాణీ కార్డులు అయ్యుండాలి. 1840ల నుంచి 1860ల దాకా, ముఖ్యంగా బెల్జియంలో వేశారు. ఆ మెరుపు సీసపు తెలుపు. గాలిలోని గంధకంతో కలిసి నల్లబడుతుంది, మీరు చూసింది అదే. తుడవకండి, తడపకండి. సీసం విషం, నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని ముట్టుకోండి, పిల్లలకు అందనివ్వకండి. మామూలు ట్రేడ్ కార్డులతో కలపకుండా విడిగా పెట్టండి.

రెండోది ఐరన్ గాల్ సిరా, ఇనుప లవణంతో చేసిన పాతకాలపు రాత సిరా. వలయం అంటే ఇనుము, ఆమ్లం కాగితంలోకి పాకుతున్నాయని. దానికి తేమ పట్టించి మడత విప్పే పద్ధతి పనికిరాదు, తేమతో అది ఇంకా పాకుతుంది. మడత మొరాయిస్తే అలాగే ఉంచండి. సిరా రాత లేని బిల్లులైతే మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో అడుగున తడి అద్దుడు కాగితం, పైన జల్లెడ, దాని మీద బిల్లు పెట్టి గంటసేపు ఉంచితే మెత్తబడుతుంది. అప్పుడు బరువు పెట్టండి.

దాచడానికి పూత లేని పాలిఎస్టర్ లేదా పాలిప్రొపిలీన్ కవర్లు. కొత్త కవరు ఘాటుగా వాసన కొడితే అది పీవీసీ, పారేయండి. దాని ప్లాస్టిసైజర్ అచ్చు సిరాను ఎత్తేస్తుంది. పెన్సిలు రాత ఉన్న బిల్లుకు పాలిఎస్టర్ వద్దు, స్థిరవిద్యుత్తు గీతను లాగేస్తుంది, కాగితపు కవరే మేలు. గదిలో తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి, ఒక అంకె దగ్గర నిలకడగా ఉండడం ఇంకా ముఖ్యం. లామినేషన్ ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు.

ఖాతాపుస్తకం:
వలయం ఉన్న ఆ బిల్లును ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి, వెనకవైపు మడత రాతతో సహా. నంబరు కవరు మీద వేయండి, బిల్లు మీద కాదు. కవరు మీదైనా బిల్లు లోపల పెట్టకముందే రాయాలి, లేకపోతే పెన్సిలు ఒత్తుడు లోపలికి దిగుతుంది.