బెంగళూరులో జాబ్ చేస్తూ మూడేళ్ళ లా చదవొచ్చా? క్రెడిట్లు, క్లాసుల లెక్క ఎలా ఉంటుంది?

హిందూపురం_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది హిందూపురం దగ్గర పల్లె, తొమ్మిదేళ్ళ నుంచి బెంగళూరులోనే ఉన్నా, వైట్‌ఫీల్డ్‌లో టెస్టింగ్ జాబ్. మా నాన్నకి పొలం గట్టు కేసు ఒకటి నా చిన్నప్పటి నుంచీ నడుస్తానే ఉంది, వాయిదాకి పోయొచ్చిన ప్రతిసారీ ప్లీడరు గారు ఏదో చెప్పారంటాడు గానీ అదేంటో ఇంట్లో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు, లా చదవాలని అప్పుడే పడింది మనసులో. ఇప్పుడు 31 ఏళ్ళు, బీటెక్ ఉంది కాబట్టి మూడేళ్ళ ఎల్ఎల్‌బీ చేద్దామని.

నా డౌట్ ఏంటంటే సెమిస్టర్‌కి ఎన్ని క్రెడిట్లు? ఈసారి మూడు పేపర్లు తీసుకుని వచ్చేసారి ఎక్కువ తీసుకోవచ్చా, లేదా ఇంకో ఏడాది సాగదీసి నిదానంగా చేసుకోవచ్చా? కాలేజీ చూపిస్తానన్న ఒకాయన "మేడం మీరు ఎగ్జామ్‌కి వస్తే చాలు, అటెండెన్స్ మేం చూసుకుంటాం, దానికి వేరే ఫీజు" అన్నాడు. అది విన్నాక మనసు ఒప్పుకోవట్లేదు. చదివినవాళ్ళు ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

ఆఖరి_సెమిస్టర్:

అక్కా నేను ఆరో సెమిస్టర్‌లో ఉన్నా, బ్యాంక్ జాబ్ మానేసి చేరా. ముందు క్రెడిట్లు పక్కన పెట్టి గంటలు లెక్కేసుకో, అసలు బరువంతా అక్కడే ఉంది.

లా చదువుకీ లాయర్లకీ రూల్స్ పెట్టే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 రూల్స్ ప్రకారం మూడేళ్ళ కోర్సులో కంపల్సరీ పేపర్లు 20, క్లినికల్ (అంటే ప్రాక్టికల్) పేపర్లు 4, ఆప్షనల్ కనీసం 6, మొత్తం 30. ఆరు సెమిస్టర్లకి పంచితే సెమిస్టర్‌కి ఐదు, అఫిలియేటెడ్ కాలేజీల్లో ఏ సెమిస్టర్‌లో ఏ పేపరో ముందే ఫిక్స్ అయి ఉంటుంది, మనం మూడు తీసుకుంటాం ఏడు తీసుకుంటాం అంటే కుదరదు, రెండేళ్ళలో ముగించడమూ కుదరదు. క్రెడిట్ అన్న మాట ఎక్కడ వాడినా మామూలుగా ఒక క్రెడిట్ అంటే 15 గంటల క్లాసు, నాలుగు క్రెడిట్ల పేపర్ అంటే 60 గంటలు.

ఇప్పుడు గంటలు చూడు. సెమిస్టర్ తక్కువలో తక్కువ 15 వారాలు, వారానికి తక్కువలో తక్కువ 30 గంటలు, అందులో లెక్చర్లే 24, మిగతాది ట్యుటోరియల్, మూట్ కోర్టు (ప్రాక్టీసు కోసం ఉత్తుత్తి కేసు వాదించడం), సెమినార్. అంటే 450 గంటలు. ప్రతి సబ్జెక్టులో 70 శాతం అటెండెన్స్ కావాలి, అంటే 315 గంటలు, వారానికి 21 గంటలు నువ్వు క్లాసులో కూర్చోవాలి. ఆనర్స్ అయితే వారానికి 36 గంటల క్లాసులు. నాగరభావిలో నేషనల్ లా స్కూల్ వాళ్ళు 2022లో మొదలెట్టిన మూడేళ్ళ కోర్సు ఆనర్సే, దానికి వేరే ఎంట్రెన్స్ కూడా ఉంది, జాబ్ పెట్టుకుని అటు చూడొద్దు. ఈవెనింగ్ కాలేజీ ఉందేమో అని వెతక్కు, పూర్తి రెసిడెన్షియల్ కాని కాలేజీలకి క్లాసుల టైం పొద్దున 8 నుంచి సాయంత్రం 7 లోపే అని రూల్.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ఒక్క పేపర్ పోయిందనుకో, అది వచ్చే సెమిస్టర్ ఐదుకి తోడవుతుంది. నాకు రెండు పోయాయి, ఒకే పరీక్షల సీజన్‌లో ఏడు పేపర్లు రాశా, ఆ నెలంతా నిద్ర లేదు. పోయిన రెండింటిలో ఒకటి సివిల్ ప్రొసీజర్, అంటే సివిల్ కేసులు కోర్టులో ఎలా నడవాలో చెప్పే చట్టం, 158 సెక్షన్లు, వాటి పైన 51 ఆర్డర్లు, వాటికింద మళ్ళీ రూల్స్. జాబ్ చేస్తూ వీకెండ్‌లో చదివేద్దాం అనుకునే పేపర్ కాదది.

కోర్టు_హాల్_బయట:

చెల్లెమ్మా, నేను సిటీ సివిల్ కోర్టులో జూనియర్‌ని, నాలుగేళ్ళయింది, మాది కదిరి. ఆ అటెండెన్స్ చూసుకుంటాం అన్నాయన మాట మాత్రం వినొద్దు, దండం పెట్టి చెప్తున్నా. నాతో చేరినవాళ్ళలో కొంతమంది అలాగే డబ్బు కట్టి పట్టా తెచ్చుకున్నారు, ఈరోజు ఒక రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి ప్రతివాది ఇచ్చే జవాబు) రాయమంటే చెయ్యి ఆడట్లేదు, సీనియర్ దగ్గర మాట పడుతుంటే చూళ్ళేకపోతున్నా. వాళ్ళు తెలివి తక్కువ వాళ్ళేం కాదు, కూర్చుని నేర్చుకోవాల్సిన మూడేళ్ళు వాళ్ళ చేతికి దక్కలేదు అంతే.

పై తమ్ముడు క్లాసుల లెక్క చెప్పాడు, నేను క్లాసు బయట సంగతి చెప్తా. క్లినికల్ పేపర్లలో మూట్ కోర్టు, ఇంటర్న్‌షిప్‌ది ఒకటుంటుంది, 100 మార్కులు. మూడు మూట్లకి 30, రెండు కేసుల ట్రయల్ చూసి రికార్డు రాయడానికి 30, ఒకటి సివిల్ ఒకటి క్రిమినల్, లాయర్ ఆఫీసులో క్లయింటుతో మాట్లాడటం చూసి డైరీ రాయడానికి 30, వైవాకి 10. చూడ్డానికి తేలికైన మార్కులు. కానీ ట్రయల్ చూడాలంటే కోర్టు నడిచే టైంలోనే పోవాలి, అది ఆఫీస్ టైమే, పైగా వెళ్ళిన రోజు సాక్షి రాడు, కేసు వాయిదా పడుతుంది, మళ్ళీ పోవాలి. ఒక క్రాస్ ఎగ్జామినేషన్ మొదటి నుంచి చివరి దాకా చూడ్డానికి నేను ఎన్నిసార్లు తిరిగానో, కానీ ఎవిడెన్స్ అంటే ఏంటో నాకు అర్థమైంది ఆ రోజే.

ఇంటర్న్‌షిప్ మూడేళ్ళ కోర్సుకి మొత్తం 12 వారాలు. ఏ సంవత్సరమైనా ఏకధాటిగా నాలుగు వారాలకి మించి చెయ్యకూడదు, అందుకే ఒక్కసారి మూడు నెలలు సెలవు పెట్టి ముగించేస్తా అంటే లెక్కలోకి రాదు. ఏడాదికి నాలుగు వారాలు లీవ్ దాచుకో. కోర్సు మొత్తంలో ఒక్కసారైనా ట్రయల్ కోర్టు లాయర్ దగ్గర, అప్పీళ్ళు చూసే లాయర్ దగ్గర చెయ్యాలి.

చదివే బరువు కూడా ఈమధ్య పెరిగింది. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కదా, ఐపీసీలో 511 సెక్షన్లుంటే భారతీయ న్యాయ సంహితలో 358, నంబర్లన్నీ మారిపోయాయి. పాత నేరాల కేసులు ఐపీసీ కిందే నడుస్తున్నాయి కాబట్టి కోర్టులో రెండూ తెలియాలి. ఇంకా కన్నడ! మాట్లాడటం వచ్చుంటుంది నీకు, చదవడం రాయడం కూడా నేర్చుకో. ఇక్కడ కింది కోర్టుల్లో సాక్ష్యం కన్నడలో కూడా రికార్డవుతుంది, లిపి మనదానికి దగ్గరే, రోజూ బస్సు బోర్డులు చదివినా పట్టు దొరుకుతుంది.

నైట్_షిఫ్ట్_నాయుడు:

బరువు నిజమే గానీ అసలు కుదరదని మాత్రం అనుకోవద్దండీ. నేను చేశా. సాయంత్రం 6 నుంచి రాత్రి 2 దాకా అమెరికా షిఫ్ట్, పొద్దున 9కి కాలేజీ, మధ్యాహ్నం 2కి రూముకొచ్చి పడుకోవడం. ఆరు రోజులు, రోజుకి నాలుగు గంటలు, వారానికి 24 వచ్చేవి, 70 శాతం దాటేది. కానీ నేనుండేది కాలేజీకి నడిచిపోయేంత దూరంలో, అది ముఖ్యం. వైట్‌ఫీల్డ్‌లో ఉండి సిటీ మధ్యలో కాలేజీ అంటే రానూపోనూ ప్రయాణమే మిమ్మల్ని తినేస్తుంది, మెట్రో ఉన్నా సరే. కాలేజీ దగ్గరకి మారండి లేదా ఇంటి దగ్గరి కాలేజీ చూసుకోండి, దానికి బార్ కౌన్సిల్ అప్రూవల్ ఉందో లేదో చూశాకే ఫీజు కట్టండి. రెండో ఏడాది నా ఆరోగ్యం దెబ్బతింది, అది దాచను. ఇంట్లో వంట చేసిపెట్టే అమ్మ ఉంది కాబట్టి గట్టెక్కా.

హిందూపురం_అమ్మాయి:

అన్నా, తమ్ముడూ, నాయుడు గారూ, చాలా థ్యాంక్స్. వారానికి 21 గంటలు అని చూశాక ఇప్పుడున్న జనరల్ షిఫ్ట్‌లో అవ్వదని తేలిపోయింది. మా మేనేజర్‌ని నైట్ షిఫ్ట్ అడుగుతా, ఇవ్వకపోతే ఇంకో ఏడాది డబ్బు కూడబెట్టి మానేసి చేరతా. ఇంకో రెండు డౌట్లు. నేను దూరవిద్యలో ఎంబీఏ చేస్తున్నా, అది ఆపెయ్యాలా? పట్టా వచ్చాక ఈ జాబ్‌లో ఉంటూ నాన్న కేసు చూడొచ్చా?

కోర్టు_హాల్_బయట:

లా చదువుతూ ఇంకో రెగ్యులర్ కోర్సు చెయ్యకూడదు, దూరవిద్యకి మాత్రం ఆ రూల్‌లోనే మినహాయింపు ఉంది. అయినా కాలేజీలో ముందే చెప్పి కాగితం మీద తీసుకో. రెండోదానికి, ఫుల్‌టైం జీతం తీసుకుంటూ వకీలుగా ప్రాక్టీస్ చెయ్యకూడదమ్మా, నల్లకోటు వేసుకోవాలంటే జాబ్ వదలాలి. కానీ నాన్న కేసు కట్ట ఇప్పుడే తెప్పించు, ప్లెయింట్ (దావా వేసిన కాగితం), రిటన్ స్టేట్‌మెంట్, ఇంతవరకు వచ్చిన ఆర్డర్లు, అన్నీ సర్టిఫైడ్ కాపీలకి అప్లికేషన్ పెట్టించు. మొదటి సెమిస్టర్ మొదలయ్యేలోపు ఒకసారి చదువు. అర్థం కాని చోట ఇక్కడ అడుగు, నేను చెప్తా.