అప్‌డేట్: పాత యూనిసైకిల్ చక్రం కట్టే మనిషి దొరికారు

షికాగో దగ్గర గ్యారేజ్ సేల్‌లో కొన్న పాత ష్విన్ (అమెరికన్ సైకిల్ కంపెనీ) యూనిసైకిల్, అంటే ఒంటి చక్రం సైకిల్, ఎంత ధర పలుకుతుంది, దాని చక్రానికి స్పోకులు బిగించి ఎవరు కట్టగలరు అని నెల క్రితం అడిగింది నేనే. మొదట వెళ్లిన షాపులో చక్రం వంకర తీయబోయి రెండు స్పోకులు విరిచేశారు, చాలా బాధేసింది. తర్వాత దొరికిన పెద్దాయన హబ్ (చక్రం మధ్య భాగం), రిమ్ (బయటి వలయం) పాతవే ఉంచి స్పోకులు, వాటిని రిమ్‌కి బిగించే నిపుల్స్ మాత్రమే మార్చారు. అసలు భాగాలు ఉంటేనే సేకరించేవాళ్లు మంచి ధర ఇస్తారట. దీనికి ఫ్రీవీల్ (తొక్కడం ఆపినా చక్రం తిరగనిచ్చే భాగం) ఉండదు కదా, ముందుకు తొక్కినా, వెనక్కి నొక్కి ఆపినా బలమంతా స్పోకుల మీదే. ఒక్కో స్పోకునీ వేలితో మీటి, రెండు వైపులా ఒకేలా మోగుతోందా అని వినిపించారు. రిమ్ మీది తుప్పు మచ్చలు అలాగే వదిలేశాం. ఇక దీన్ని అమ్మను. సీటు కవర్ అంచు చిరిగింది, కుట్టేవాళ్లు తెలిస్తే చెప్పండి.